ప్రోటాన్ డోసుకు అన్నిచోట్లా 1.1 వేయడం సరేనా?

రేడియేషన్ ఫిజిక్స్ విద్యార్థి:
క్యాన్సర్‌కు ప్రోటాన్ చికిత్స ఇచ్చేటప్పుడు భౌతిక డోసును, అంటే కణజాలం కిలోకు గ్రహించే శక్తిని, 1.1తో గుణించి, ఎక్స్‌రే డోసుతో సమానం చేసేస్తున్నాం. ఆ 1.1 ఆర్‌బీఈ, అంటే జీవప్రభావ నిష్పత్తి. కానీ ప్రోటాన్ ఆగబోయే చివరి మిల్లీమీటర్లలో ఎల్‌ఈటీ, అంటే దారి పొడవునా అంగుళం అంగుళానికీ అది వదిలే శక్తి, బాగా పెరుగుతుంది, కణాలకు దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇది తెలిసీ ఒకే అంకె పట్టుకు కూర్చోవడం నాకు నచ్చడం లేదు.

ప్లానింగ్ ఫిజిసిస్ట్:
నేను 1.1 వైపే. 2007లో రేడియేషన్ కొలమానాల అంతర్జాతీయ సంస్థ ఐసీఆర్‌యూ 78వ నివేదిక సిఫార్సు చేసిందీ అదే. మారే ఆర్‌బీఈ మోడళ్లు చాలావరకు ప్రయోగశాల కణాల మీద కట్టినవి. వాటికి ఆల్ఫా బీటా నిష్పత్తి (కణజాలం డోసు పరిమాణానికి ఎలా స్పందిస్తుందో చెప్పే అంకె) ఇవ్వాలి, అదేమో రోగి కణజాలానికి కచ్చితంగా తెలీదు. ట్యూమర్‌లో 1.2 అని మోడల్ చెప్పిందని భౌతిక డోసు తగ్గించామనుకోండి. మోడల్ తప్పయితే జబ్బు తిరగబెడుతుంది. ఆ భారం రోగి మీద పడుతుంది.

విద్యార్థి:
ట్యూమర్ వరకు ఒప్పుకుంటానండీ. మరి బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం) మాటేమిటి? దాని అంచున ప్లాన్ 1.1తో గుణించిన డోసు 54 గ్రే (డోసు కొలమానం) అని చూపిస్తోందంటే భౌతిక డోసు సుమారు 49.1 గ్రే. అక్కడ ఆర్‌బీఈ నిజంగా 1.3 అయితే అది 63.8 అవుతుంది! పసిపిల్లల ప్లాన్‌లో ఆ తేడా స్క్రీన్ మీద కనిపించదు.

ప్లానింగ్ ఫిజిసిస్ట్:
మీ భయం న్యాయమైనదే. కానీ బీమ్ సరిగ్గా ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి కదా. సీటీ అంకెల నుంచి స్టాపింగ్ పవర్, అంటే కణజాలం ప్రోటాన్‌ను ఎంతగా ఆపుతుందో, తీయడంలో వచ్చే అనిశ్చితికి చాలాచోట్ల 3.5 శాతం, పైన 1 మి.మీ. వదులుతారు. 15 సెం.మీ. లోతులో అది 6 మి.మీ. దాటుతుంది. అలాంటప్పుడు ఆ అంచున ఆర్‌బీఈని రెండో దశాంశం దాకా లెక్కగట్టి ఏం లాభం?

మరో సభ్యుడు, మాంటే కార్లో (కణాల దారులను కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా అనుకరించే లెక్క) పని చేసేవాడు:
మోడల్ ఏదన్న తగువు తేలేదాకా ఆగనక్కర్లేదు. ప్రిస్క్రిప్షన్ 1.1తోనే రాయండి. పక్కనే ఎల్‌ఈటీ పటం గీయించండి, మాంటే కార్లో లెక్కలో దాన్ని స్కోర్ చేసుకోవచ్చు. ఎక్కువ ఎల్‌ఈటీ బ్రెయిన్‌స్టెమ్‌లో పడుతుంటే బీమ్ కోణం మార్చండి, అన్ని బీమ్‌లూ ఒకేచోట ఆగకుండా చూడండి. రేంజ్ (బీమ్ ఆగే లోతు) అటూ ఇటూ జరిపి మళ్లీ లెక్కించండి.

ప్లానింగ్ ఫిజిసిస్ట్:
దీనికి నాకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు: భౌతిక డోసు, ఎల్‌ఈటీ రెండూ రోగి రికార్డులో విడిగా దాచాలి. తర్వాత ఎంఆర్‌ఐలో మార్పు కనిపిస్తే, దాన్ని ఏ అంకెతో పోల్చాలో అప్పుడే తెలుస్తుంది.