డోలక్‌కి పెట్టని హాల్ రెవర్బ్ ఎలా వస్తోంది?

అమలాపురం దగ్గర మా ఊరి రామాలయంలో భజనకి మైకు సెట్ నేనే చూసుకుంటాను. ఈమధ్య రెండు ఇంజిన్లున్న పాత ఎఫెక్ట్స్ ప్రాసెసర్ (శబ్దానికి రెవర్బ్, అంటే ప్రతిధ్వని లాంటివి కలిపే పెట్టె) ఒకటి కొన్నాం. మిక్సర్‌లో ఆక్స్ 1 (ఛానెళ్ల శబ్దాన్ని విడిగా బయటికి పంపే లైను) దాని ఎడమ ఇన్‌పుట్‌కి, ఆక్స్ 2 కుడి ఇన్‌పుట్‌కి ఇచ్చాను. రెండూ పోస్ట్ ఫేడరే, అంటే ఛానెల్ ఫేడర్ తగ్గిస్తే ఇవీ తగ్గుతాయి. ప్రాసెసర్‌లో రౌటింగ్ డ్యూయల్ మోనో, అంటే ఎడమ ఇన్‌పుట్ ఇంజిన్ ఎ కి, కుడి ఇన్‌పుట్ ఇంజిన్ బి కి విడివిడిగా వెళ్లాలి. ఇంజిన్ ఎ గొంతులకి: హాల్ (పెద్ద హాలు తరహా రెవర్బ్), 2.4 సెకన్లు, ప్రీడిలే (రెవర్బ్ మొదలయ్యే ముందు విరామం) 30 మిల్లీసెకన్లు. ఇంజిన్ బి డోలక్‌కి: ప్లేట్ (లోహపు రేకు తరహా రెవర్బ్), 0.9 సెకన్లు. మిక్స్ రెండింటిలోనూ 100 శాతం వెట్ (అసలు శబ్దం లేకుండా ఎఫెక్ట్ మాత్రమే). అవుట్‌పుట్లు రెండూ మిక్సర్‌లో వేర్వేరు ఛానెళ్లకి వస్తాయి.

ఆక్స్ 1 పూర్తిగా సున్నాలో పెట్టి, డోలక్‌కి ఆక్స్ 2 ఒక్కటే తెరిచినా హాల్ తోక (రెవర్బ్ మెల్లగా తగ్గే చివరి భాగం) వినిపిస్తోంది. గుహలో కొట్టినట్టు ఉందండీ, తాళం చెదిరిపోయి పాడేవాళ్లు తడబడుతున్నారు. అప్పుడు ప్రాసెసర్ మీద కుడి ఇన్‌పుట్ మీటరు మాత్రమే వెలుగుతోంది. ఇంజిన్ ఎ ని బైపాస్ చేస్తే ఆ తోక పోతుంది.

కేబుళ్లు మార్చాను, జాకులు తుడిచాను (కాలవగట్టు తేమకి తుప్పు పట్టిందేమోనని). రిటర్న్ ఛానెళ్లలో ఆక్స్ నాబ్‌లన్నీ సున్నాలోనే ఉన్నాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదటినుంచీ పెట్టినా అంతే. ఒక్కటి గమనించాను: డ్యూయల్ మోనో పెట్టాక కాసేపు సరిగ్గానే ఉంటుంది, వేరే ప్రోగ్రాం (ప్రాసెసర్‌లో దాచిన సెట్టింగ్) పిలిచి వెనక్కి వస్తే మళ్లీ మొదలు.

ప్రోగ్రాం పిలిచినప్పుడల్లా రౌటింగ్ కూడా మారిపోతుందా? అలాగైతే డ్యూయల్ మోనో అన్నిటికీ స్థిరంగా ఉండాలంటే ఎక్కడ సేవ్ చేయాలి?