అప్‌డేట్: మా గండుపిల్లికి ఆపరేషన్ అయింది

రెండు నెలల క్రితం అడిగాను కదా, మా బంటిగాడు కర్టెన్ల మీద, షూ స్టాండ్ మీద ఉచ్చ చిమ్ముతున్నాడు, రాత్రిళ్లు గోడ దూకి పోతున్నాడు, న్యూటరింగ్ (వృషణాలు తీసేసే ఆపరేషన్) చేయిస్తే మారతాడా అని. చేయించేశాం.

పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి మల్కాజిగిరిలో ఇంటికి తెచ్చుకున్నాం. కుట్లు కూడా లేవు, రెండు చిన్న గాట్లంతే. మెడకు ప్లాస్టిక్ కాలర్ వేస్తే వెనక్కి వెనక్కి నడుస్తూ పోయి ఫ్రిజ్‌కి గుద్దుకున్నాడు, పాపం. నానమ్మైతే "నోరులేని జీవానికి ఎందుకురా ఈ శిక్ష" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వెంటనే ఏమీ మారలేదు. రెండు వారాలు అదే కంపు. డబ్బులు దండగ అనుకున్నాను. ఒంట్లో ఉన్న మగ హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టర్ ముందే చెప్పారు, నాకే ఓపిక లేదు. ఐదో వారం నుంచి కర్టెన్లు పొడిగా ఉన్నాయి. చెవి చింపుకుని రావడమూ లేదు. నా అసలు టెన్షన్ అదే, పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ అనే వైరస్ ఎక్కువగా కొట్లాటల్లో పడే కాట్ల వల్లే అంటుకుంటుంది.

ఒక్కటే తంటా, ఆకలి పెరిగింది. ఇప్పుడు తిండి కొలిచి పెడుతున్నాను, లేకపోతే గుమ్మడికాయలా తయారయ్యేలా ఉన్నాడు.