స్ప్రింట్‌కు ‘పరుగు’ అనాల్నా, ‘వంతు’ అనాల్నా?

ప్రశ్న (నల్లగొండ): సాఫ్ట్‌వేర్ పాఠాలు తెలుగుల రాస్తున్నం. సాఫ్ట్‌వేర్‌ను కొంచెం కొంచెం చేసి, చూపించి, దిద్దుకుంట పోయే ఎజైల్‌కు ‘చురుకైన పద్ధతి’, అండ్ల గడువు పెట్టి చేసే ఒక్కో విడత స్ప్రింట్‌కు ‘పరుగు’ అని పెట్టినం. చదివితే ఉరుకులాట లెక్క ఉంది. ఇంకేమన్న మాట ఉంటే చెప్పుండ్రి.

జవాబు (మిర్యాలగూడ): ‘పరుగు’ తీసెయ్యండి సార్. స్ప్రింట్‌ల ముఖ్యం గడువు. ఎజైల్‌ల ఒక తీరైన స్క్రమ్‌ల అది నెల దాటొద్దు, చానా టీములు రెండు వారాలు పెట్టుకుంటయి. పని మిగిలినా గడువు జరగదు. మనకు ‘వంతు’ ఉండనే ఉంది. చెరువు కింద మీ వంతు అయిపోతే నీరటి నీళ్లు మళ్లిస్తడు. మడి సగమే తడిసినా, మిగిలింది మళ్ల వంతుకే. స్ప్రింట్‌ల గూడ సగం అయిన పని ‘అయింది’ కింద లెక్కకు రాదు, చెయ్యాల్సిన పనుల జాబితా బ్యాక్‌లాగ్‌కే పోతది. ‘ఇంకో నాలుగు రోజులు’ అని పొడిగిస్తే ఒక్క వంతుల టీము ఎంత చేస్తదో ఆ లెక్కే చెడుతది. తర్వాతి ప్లానింగ్ గాలిల మేడే.

జవాబు (మహబూబ్‌నగర్): వంతు బాగుంది అక్కా, గాని ఒక తేడా. జూరాల ఆయకట్టుకు వారబందీ (వంతుల లెక్క నీళ్లిచ్చుడు) పెట్టేది నీళ్లు చాలక. స్ప్రింట్ పెట్టేది చూసి దిద్దుకునేటందుకు. వడ్ల కొనుగోలుకు టోకెన్ యాప్ అనుకోండి. పాత పద్ధతిల అవసరాలన్నీ ముందే రాసి, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ ఒకదానెన్క ఒకటి చేస్తరు, రైతు చేతికి వచ్చేది ఆఖరుకే. ఫోన్ లేని రైతుకు ఓటీపీ ఎట్లని అప్పుడు తెలిస్తే లాగిన్ నుంచి డేటాబేస్ దాక విప్పాలె. మొదటి వంతుల ఒక్క సెంటరు, ఒక్క పంట, టోకెన్ ఇచ్చుడు మట్టుకే చేసి రైతులకు చూపిస్తే రెండు వారాలల్లనే బయటపడుతది.

జవాబు (మిర్యాలగూడ): నిజమే, ఆ అర్థం వంతుల లేదు. దానికి ‘సమీక్ష’ వేరే ఉండనీ. వంతు గడువుకే.

జవాబు (సూర్యాపేట): బ్యాక్‌లాగ్‌ను మట్టుకు ‘బకాయి పనులు’ అనకండి. బకాయంటే ఎప్పుడో కావాల్సి కానిది. ఇది ఏ పని ముందో తేల్చే ప్రోడక్ట్ ఓనర్ పెట్టే పనుల వరుస, అడుగునున్నవి ఎన్నడూ చెయ్యకపోవచ్చు. ‘పనుల వరుస’ చాలు.

ఎజైల్‌కు ‘చురుకు’ గూడ నాకు ఒప్పదు. 2001 ఫిబ్రవరిల యూటాలోని స్నోబర్డ్‌ల 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు రాసిన ఎజైల్ ప్రకటనల నాలుగు విలువలు ఉన్నయి, ఒక్కదాంట్ల వేగం మాట లేదు. ప్లాన్ పట్టుకొని పోవుడు కన్న మార్పుకు తగ్గట్టు మళ్లుడు మేలన్నరు. అది ‘ఒడుపు’. గట్టు మలుపుల నాగలి తిప్పుడుకు బలం కన్న ఒడుపు కావాలె గద.

ప్రశ్న (నల్లగొండ): ‘ఒడుపు పద్ధతి’, ‘వంతు’, ‘పనుల వరుస’ పెడుతున్న. స్క్రమ్ రగ్బీ ఆట మాట గనుక అట్లనే ఉంచుతున్న.