పొదుగువాపుతో గేదె షాక్‌లోకి పోతే ఫ్లూనిక్సినా, డెక్సానా?

కందుకూరు పాడి: ఈనిన నాలుగో రోజే మా గేదెకి పొదుగువాపు వచ్చింది. పాలు నీళ్లలా దిగాయి, చెవులు చల్లబడ్డాయి, పడిపోయింది. ఫ్లూనిక్సిన్ (నొప్పి, వాపు తగ్గించే సూది) వేశారు, తెల్లారేసరికి పోయింది. డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) వేసుంటే బతికేదని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

కావలి వెటర్నరీ: అన్నా, ఇలాంటి పొదుగువాపు తెచ్చే ఇ.కోలి బ్యాక్టీరియా చచ్చేటప్పుడు ఎండోటాక్సిన్ అనే విషం వదులుద్ది. దాని దెబ్బకి కణాల పొరల్లోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం ఊడి, త్రాంబాక్సేన్, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగిసేది ఆ త్రాంబాక్సేన్ వల్లే. ఫ్లూనిక్సిన్ ఆ తయారీని ఆపుద్ది. దూడల మీద, గుర్రాల మీద చేసి చూసిందే.

ఒంగోలు గిత్త: ఆ ప్రయోగాల్లో మందు ముందా, ఎండోటాక్సిన్ ముందా?

కావలి వెటర్నరీ: చాలావాటిలో మందే ముందు. అయితే ఏంటి?

ఒంగోలు గిత్త: అయితే ఏంటా! మా కొట్టంలో జబ్బు రాకముందే సూది ఎవరేస్తారు? పైగా అదే ఆమ్లం నుంచి పుట్టి వాపు పెంచే ల్యూకోట్రైన్ల జోలికి నీ ఫ్లూనిక్సిన్ పోదు. డెక్సా అయితే అరాకిడోనిక్ ఆమ్లం ఊడే దగ్గరే పట్టుకుంటుంది.

పొదిలి గొర్రెలు: ఎలుకల్లో పనిచేసిన షాక్ మందులు చాలావరకు మనుషుల్లో పనిచెయ్యలేదని చదివా. ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ అని షాక్‌లో పుట్టే ఇంకో రసాయనాన్ని అడ్డుకునే మందులు అలాగే తేలిపోయాయంట.

కావలి వెటర్నరీ: ఇక్కడ జబ్బు మనిషికి కాదు కదా, గేదెకి. దూడ మీద చేసింది దీనికి దగ్గరే.

ఒంగోలు గిత్త: ముందా, తర్వాతా? దానికి చెప్పు.

కావలి వెటర్నరీ: ఎన్నిసార్లు అడుగుతారు సార్? మా పెదనాన్న చూడి గేదెకి జ్వరమని ఒకాయన అడక్కుండా డెక్సా పొడిచి పోయాడు. రెండు రోజులకే ఈసుకుపోయింది. నెలలు నిండుతున్న చూడికి అది వేస్తే అంతేనని మొదటి పాఠం. అందుకే నాకు ఆ పేరు వింటేనే మంట.

ఒంగోలు గిత్త: తమ్ముడూ, రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే వచ్చేది ఆ ఒకాయనే. ఆయన సంచిలో ఉండేదీ డెక్సానే, చవక కాబట్టి. నువ్వొస్తావా?

కావలి వెటర్నరీ: ...అది వేరే గొడవ సార్. కందుకూరు అన్నా, సెలైన్ ఎంత ఎక్కించారు?

కందుకూరు పాడి: అర లీటరు సీసా ఒకటి.

కావలి వెటర్నరీ: అంత గేదెకి అర లీటరా! మామూలు దానికన్నా గాఢమైన 7.2 శాతం ఉప్పు సెలైన్ అయితే కిలో బరువుకి 4-5 మిల్లీలీటర్లు, అంటే 400 కిలోల గేదెకి దాదాపు 2 లీటర్లు నరానికి ఎక్కించి, వెంటనే బకెట్ల కొద్దీ నీళ్లు తాగించాలి. అది డాక్టరు చెయ్యాల్సిన పని.

ఒంగోలు గిత్త: ఇదేదో మొదటే చెప్పుంటే సరిపోయేది.

కందుకూరు పాడి: ఇంకో గేదె 20 రోజుల్లో ఈనుద్ది. ఆ సెలైన్ ఇక్కడ మందుల షాపుల్లో దొరుకుద్దా, నెల్లూరు పోవాలా?