రేసు గుర్రంలో 5 శాతం వాటా: మెల్‌బోర్న్‌లో ఎవరైనా తీసుకున్నారా?

టార్నీట్ నుంచి (ప్రశ్న):
నమస్కారమండీ. ఆఫీసులో నలుగురం కలిసి ఒక గుర్రంలో 5 శాతం వాటా తీసుకుందామనుకుంటున్నాం. వేలంలో 60,000 డాలర్లకు కొన్న ఏడాది పిల్ల. మా వాటా 4,500 అంటున్నారు. బ్లాక్ కేవియర్ కూడా ఇలాగే కొందరు స్నేహితులు కలిసి కొన్నదేనట, 25 రేసుల్లో 25 గెలిచింది. మా ఆవిడకు మాత్రం టెన్షన్‌గా ఉంది. నెలనెలా ఎంత అవుతుంది? మంచి గుర్రమని ఎలా తెలుస్తుంది?

గీలాంగ్ అన్న:
తమ్ముడూ, నేను ఆరేళ్ళు ఒక గుర్రంలో 5 శాతం ఓనర్‌ని. ముందు ఆ 4,500 సంగతి చూడు. 60,000లో 5 శాతం అంటే 3,000. మిగతా 1,500 దేనికో అడుగు. ఇన్సూరెన్స్, మొదటి నెలల శిక్షణ, అమ్మేవాళ్ళ లాభం, ఏది ఎంతో వాళ్ళిచ్చే డిస్‌క్లోజర్ పత్రంలో ఉండాలి. ఆ పత్రం చదవకుండా డబ్బు కట్టొద్దు.

నెల ఖర్చంటావా, గుర్రం ట్రైనర్ దగ్గర పనిలో ఉన్న నెల నా వాటాకు 230 డాలర్ల దాకా వచ్చేది. పొలంలో విశ్రాంతికి పంపితే 60. రేసుల్లేవని బిల్లు ఆగదు. మాది రెండేళ్ళ వయసులో ముందుకాళ్ళ ఎముకలు నొప్పిచేసి నాలుగు నెలలు పొలంలోనే ఉంది. మొదటి పరుగు మూడేళ్ళు నిండాక. గెలిచిన డబ్బులో ట్రైనర్‌కు 10 శాతం, జాకీకి 5 శాతం పోయాకే మనకు వస్తుంది. కైనెటన్‌లో మెయిడెన్ (అంతవరకూ ఒక్కటీ గెలవని గుర్రాల రేసు) గెలిచిన రోజు నాకు ముట్టిన డబ్బు మూడు నెలల బిల్లుకు సరిపోయింది. అయినా ఆ రోజు గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడితే ఒళ్ళు పులకరించింది. చిన్నప్పుడు మలక్‌పేటలో రేలింగ్ బయట నుంచి చూసినవాణ్ణి మరి.

బ్లాక్ కేవియర్‌ని 2008లో 2,10,000 డాలర్లకు కొన్నారు. అలాంటిది మనకూ దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. ధర చూసి గుర్రం గెలుస్తుందని చెప్పలేం. 2006లో అమెరికాలో 1.6 కోట్ల డాలర్లకు కొన్న ‘ద గ్రీన్ మంకీ’ ఒక్క రేసూ గెలవలేదు. ఒక టాక్సీ డ్రైవర్ 1,250 డాలర్లకు కొన్న ‘టేకోవర్ టార్గెట్’ ఇంగ్లండ్ వెళ్ళి ఆస్కాట్‌లో గెలిచింది.

స్టేబుల్‌లో పనిచేసే తమ్ముడు:
అన్న చెప్పింది నిజం. నేను తెల్లవారుజామున నాలుగింటికి గుర్రాలు కడుగుతాను, అందుకని ఎంపిక గురించి చెప్తా. పిల్లను నడిపించి చూస్తారు. ముందుకాలు తిన్నగా పడాలి, పక్కకు విసరకూడదు. వెనక గిట్ట ముందు గిట్ట ముద్రను దాటి పడితే అడుగు పెద్దదన్నట్టు. తర్వాత కీళ్ళ ఎక్స్‌రేలు, గొంతులో కెమెరా. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది, నోటితో కుదరదు. గొంతులో ఒక వైపు సరిగా తెరుచుకోకపోతే దౌడులో గాలి అందదు. ఆ రిపోర్టులు మీకూ చూపించమనండి. తండ్రి పేరు అందరూ చెప్తారు. తల్లికి ముందు పుట్టిన పిల్లలు ఎన్ని రేసులకు వచ్చాయి, ఎన్ని గెలిచాయి అని అడిగేవాళ్ళు తక్కువ. మీరు అడగండి. ఇక్కడ రేసు గుర్రం ఎప్పుడు పుట్టినా, వయసు లెక్కకు అన్నిటికీ పుట్టినరోజు ఆగస్టు 1. అక్టోబరు చివర పుట్టినది తోటివాటికన్నా చిన్నదిగా కనిపిస్తే కంగారుపడకండి.

టార్నీట్ నుంచి:
చాలా థ్యాంక్స్ అన్నలూ. అన్నా, మీ గుర్రం ఇప్పుడెక్కడుంది?

గీలాంగ్ అన్న:
ముందుకాలి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) వాచింది. మళ్ళీ పరుగు పెట్టించొద్దని పశువైద్యుడు చెప్పాక ఆపేశాం. అప్పుడు తెలిసింది, రిటైరయ్యాక గుర్రం ఎక్కడికి వెళ్ళాలో మా ఒప్పందంలో ఒక్క ముక్కా లేదని. ఓనర్లం పన్నెండు మందిమి రెండు నెలలు వాదించుకున్నాం, ఆ రెండు నెలలూ దాని మేత ఖర్చు ఎవరిదన్న గొడవ. ఆఖరికి బాకస్ మార్ష్ దగ్గర స్వారీ నేర్చుకునే ఒకమ్మాయి తీసుకుంది, చక్కగా చూసుకుంటోంది. సంతకం పెట్టేముందు నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. దానికి జవాబు కాగితం మీద ఇవ్వకపోతే ఆ వాటా వదిలెయ్. ఇంకొకటి, మీ నలుగురి మధ్య కూడా ఒక కాగితం రాసుకోండి. ఒకరు బిల్లు కట్టడం మానేస్తే ఆ భాగం ఎవరు మోస్తారో ఇప్పుడే తేల్చుకోండి.