జీడితోట అంచున గిరినాగు గూడు: ఎన్నాళ్ళుంటుంది, గుడ్లు తరలించవచ్చా?

జీడితోట_మాడుగుల

మాడుగుల వైపు కొండవాలు తోట. దిగువన గెడ్డ (కొండవాగు) పక్క వెదురు పొదలో ఎండాకుల గుట్ట ఉంది, మోకాలెత్తు. దాని మీద పాము చుట్టుకుని కూర్చుంది. ముదురు గోధుమ రంగు, వెలిసిన పసుపు పట్టీలు, బారన్నరకు తక్కువ ఉండదు. కొందరు గిరినాగు (కింగ్ కోబ్రా) అంటున్నారు, కొందరు ముదిరిన జెర్రిపోతు అంటున్నారు. పిక్కలు ఏరే పని ఇంకా మిగిలే ఉంది. అది ఏ పాము, ఎప్పుడు కదులుతుంది, గుడ్లు తీయించి అడవిలో పెట్టించవచ్చా? ఇంకో సందేహం: గిరినాగు ఎడతెగని వానలుండే అడవుల పాము కదా, మన ఎండల్లో ఎలా బతుకుతోంది?

కనుమల_కాపు

ఆకుల గుట్ట మీద కూర్చుందంటే ఇంక వేరే గుర్తు అక్కర్లేదండి. ఒంటి మెలికలతో ఆకులు లాగి గూడు కట్టే పాము గిరినాగు ఒక్కటే. జెర్రిపోతు ఎంత ముదిరినా ఆ పని చెయ్యదు. అయినా అనుమానముంటే ఫోన్ జూమ్ చేసి దూరం నుంచే ఫొటో తీయండి. జెర్రిపోతు పెదవుల మీద నిలువు నల్లగీతలుంటాయి. గిరినాగుకు ఉండవు, పడగ విప్పినా నాగుపాము పడగంత వెడల్పు రాదు, దాని మీద కళ్ళజోడు గుర్తూ ఉండదు.

జతకట్టడం జనవరి నుంచి మార్చి, గుడ్లు ఏప్రిల్-మే. సాధారణంగా 20 నుంచి 40 గుడ్లు. పొదగడానికి వేడిని బట్టి రెండు నుంచి మూడున్నర నెలలు పడుతుంది, అంటే పిల్లలు వచ్చేది జూలై, ఆగస్టుల్లో. తల్లి సాధారణంగా పిల్లలు రావడానికి కొద్దిరోజుల ముందే వెళ్ళిపోతుంది. తను తినేది పాములనే కాబట్టి సొంత పిల్లల్ని తినకుండా అలా తప్పుకుంటుందని ఒక వివరణ.

ఇక గుడ్ల సంగతి. ముట్టుకోవద్దు. కోడిగుడ్డులా దొర్లించడానికి పాముగుడ్డు పనికిరాదు. పెట్టిన కొద్దికాలానికే పిండం పెంకు లోపల పైభాగానికి అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. పైగా ఆ గూడు ఉత్త చెత్తకుప్ప కాదు. అడుగున గుడ్లు, పైన ఒత్తుగా ఆకులు, ఆ పైన తల్లి. ఆకులు మురిగే కొద్దీ లోపల వేడి పుడుతుంది, పై పొర జారుడుగా ఉండి వాననీరు పక్కలకు పోతుంది. అందుకే వాలు నేల ఎంచుకుంటుంది. బుట్టలో ఎత్తుకెళ్ళి ఇంకోచోట కప్పితే ఆ చెమ్మా వేడీ కుదరవు, బూజు పడుతుంది, లేదా ఎండిపోతాయి.

గూటి చుట్టూ ముప్పై గజాల మేర రంగు తాడు కట్టించి, ఆ ముక్కలో రాలిన పిక్కలు ఈ ఏడాదికి వదిలేయడమే లాభం. ఎండాకులకు నిప్పు పెట్టకండి, కుక్కల్ని వదలకండి. అటవీ బీట్ అధికారికి ఇవాళే చెప్పండి. వన్యప్రాణి చట్టం ఒకటో షెడ్యూల్ జంతువు ఇది, చంపినా గుడ్లు పాడుచేసినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు.

సింహాచలం_కొండవాలు

పాములు పట్టేవాళ్ళని పిలిచి తల్లిని పట్టించి ఏ అనంతగిరి పైనో వదిలేస్తే పోదా? కూలీలు భయపడుతుంటే తాడు కడితే ఆగుతారా?

ఏజెన్సీ_వాన

పోదు. కర్ణాటకలోని ఆగుంబెలో 2008 నుంచి గిరినాగులకు రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి వెంబడించారు. పట్టి దూరంగా వదిలిన పాము దారీతెన్నూ లేకుండా తిరిగింది. తనకు తెలిసిన నీళ్ళు, బొరియలు, వేట దొరికే చోట్లు అక్కడ ఉండవు. తిరిగే కొద్దీ రోడ్లు దాటాలి, కొత్త ఊళ్ళలో పడాలి. ఇక్కడ తల్లిని తీసేస్తే ఉడుములకీ అడవిపందులకీ గూడు తెరిచి ఇచ్చినట్టే.

వాన సంగతి మంచి ప్రశ్న. ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది, విశాఖలో వెయ్యి పైచిలుకే. తేడా పెద్దదే కానీ పాముకి కావలసింది మొత్తం వాన కాదు, వేసవిలో కూడా ఆరిపోని మూల ఒకటి. మన కనుమల్లో గెడ్డలు, ఊటలు, వాటి పక్క వెదురు, మామిడి, నేరేడు నీడలు ఆ పని చేస్తాయి. మీ గూడు గెడ్డ పక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదు. రెండోది తిండి. జెర్రిపోతు, నాగుపాము, కట్లపాము, చిన్న ఉడుము, దేనినైనా మింగుతుంది. ఎలుకల కోసం జెర్రిపోతులు తోటల్లోకి, గడ్డివాముల్లోకి దిగుతాయి, వాటి వాసన పట్టుకుని గిరినాగు పట్టపగలే దిగుతుంది. ఊళ్ళోకి వచ్చిందని హడావిడి చేసే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే. గెడ్డ పక్క వెదురు నరికేసి నీలగిరి వేస్తే మాత్రం ఇక్కడ దానికి నిలువ నీడ ఉండదు.

పడమటి కనుమల గిరినాగును 2024లో వేరే జాతిగా గుర్తించారు. మనది పాత శాస్త్రీయ నామంతోనే, ఒఫియోఫాగస్ హన్నాగానే కొనసాగుతోంది.

పల్స్_ఆక్సీమీటర్

ఒక విషయం ఎవరూ చెప్పలేదు. మన ఆస్పత్రుల్లో ఉండే పాముకాటు మందు నాలుగు పాములకు తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. గిరినాగు విషానికి అది పనిచేస్తుందని నమ్ముకోకూడదు. దానికి ప్రత్యేకమైన మందు థాయ్‌లాండ్ రెడ్‌క్రాస్ సంస్థ తయారుచేస్తుంది. ఈ విషం నరాల మీద పనిచేస్తుంది: కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఆపై ఊపిరి ఆగడం. మనిషిని నిలబెట్టేది వెంటిలేటర్. అందుకని కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పసరు మందు అన్నీ మానేసి, కాలికి కర్ర బద్దలు కట్టి కదలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవండి. ఫోన్‌లోనే గిరినాగు అని చెప్పండి, వెంటిలేటర్ ఉన్నచోటికే తీసుకెళ్ళమనండి. ఊపిరి తగ్గితే దారిలో కూడా ఊపిరి అందిస్తూనే ఉండాలి.

జీడితోట_మాడుగుల

తాడు కట్టించాను, బీట్ ఆయన వచ్చి చూశారు. పిల్లలు బయటికొచ్చాక తోటంతా పాకితే ఎలా? చుట్టూ వల కడదామా?

కనుమల_కాపు

పిల్లలు అడుగున్నర పైచిలుకు ఉంటాయి, నల్లటి ఒళ్ళు, సన్నటి లేత పట్టీలు. జనం కట్లపాము అని కొట్టేస్తారు. తేడా తల దగ్గర చూడాలి: గిరినాగు పిల్లకు తల మీద కూడా పట్టీలుంటాయి, బెదిరిస్తే పడగ ఎత్తుతుంది, కట్లపాము ఎత్తదు. విషం పుట్టుకతోనే ఉంటుంది, చిన్నదే కదా అని చేత్తో పట్టకూడదు.

కంచె వేయవచ్చు కానీ మీరు కాదు. తల్లి వెళ్ళిపోయాక అటవీ శాఖ వాళ్ళతో శిక్షణ ఉన్నవాళ్ళు వచ్చి వేస్తారు, పిల్లలు రాగానే లెక్కపెట్టి దగ్గరి అడవిలోనే వదిలేస్తారు. దోమతెర లాంటి సన్నకన్ను మెష్ కావాలి, అడుగు అంచు జానెడు మట్టిలో పూడ్చాలి. చేపల నైలాన్ వల మాత్రం దగ్గరికి రానివ్వకండి. పిల్ల సగం దూరి ఇరుక్కుంటుంది, ముందుకు లాగిన కొద్దీ దారం పొలుసుల కింద కోసుకుపోతుంది. తోటకి పందుల కోసం కట్టిన పాత వలలుంటే వాటిని జూలై లోపే విప్పించండి.