ఇత్తడి మూలల రెండు ముక్కల సొరుగుల పెట్టె: ఓడ కెప్టెన్‌దేనా?

చెక్కపిచ్చి_సికింద్రాబాద్:
పాత సామాన్ల కొట్లో ఒక సొరుగుల పెట్టె చూశాను, బయానా ఇంకా ఇవ్వలేదు. వెడల్పు 39 అంగుళాలు, లోతు 18.5, ఎత్తు 37. నడిమికి రెండు పెట్టెలుగా విడిపోతుంది. పైదాంట్లో రెండు చిన్న సొరుగులు, వాటి కింద ఒక పెద్దది. కిందిదాంట్లో రెండు పెద్దవి. మూలలకు ఇత్తడి బిళ్ళలు, సొరుగులకు చెక్కలోకి దిగిపోయిన పిడులు, రెండు పక్కలా ఎత్తే కడియాలు. కాళ్ళు లేవు. అడుగున నాలుగు గుండ్రటి బెజ్జాలున్నాయి. ఒక తాళం మీద చబ్ అని, లండన్ సెయింట్ పాల్స్ చర్చ్‌యార్డ్ 57 అని అడ్రసు. పై పలక మీద లంగరు బొమ్మ ఉన్న చిన్న బిళ్ళ. "నేవీ కెప్టెన్‌ది, 1850 నాటిది" అంటున్నాడు కొట్టాయన. ఒక మూల బిళ్ళకున్న మరమేకు విప్పితే మొన సూదిగా ఉంది. నమ్మొచ్చా? ఇత్తడి నల్లబడిపోయింది, చింతపండు పెట్టి తోమొచ్చా?

పాతతాళం:
చింతపండు మాట ముందు మానేయండి, కింద చెబుతాను.

మీరు చెప్పిన కొలతలు, సొరుగుల వరస రెండూ అసలు క్యాంపెయిన్ చెస్ట్‌కి, అంటే అధికారులు ప్రయాణాల్లో వెంట తీసుకెళ్ళే సొరుగుల పెట్టెకి, సరిపోతాయి. సుమారు 3 అడుగుల నుంచి 3న్నర అడుగుల వెడల్పు, ఒక అడుగున్నర లోతు, పైన రెండు చిన్న సొరుగులు, వాటి కింద మూడు పెద్దవి. సగానికి విడగొట్టి ఒక్కో ముక్కనీ బండి మీదో జంతువు మీదో వెయ్యాలి కాబట్టి అలా చేశారు. దెబ్బ తగిలేది మూలలకే కాబట్టి అక్కడ ఇత్తడి. బయటికి పొడుచుకొచ్చిన పిడి తాళ్ళకి తగులుతుంది, పక్క పెట్టెని గీరుతుంది కాబట్టి పిడి లోపలికి దింపారు. అందం తర్వాత సంగతి.

కానీ ఈ రూపం చూసి మోసపోయేవాళ్ళే ఎక్కువ. మామూలు విక్టోరియన్ సొరుగుల పెట్టెని నడిమికి కోసి, ఇత్తడి తొడిగి అమ్మడం పాత వ్యాపారమే. కనిపెట్టడం తేలిక. సొరుగులన్నీ తీసి, పై పెట్టె ఎత్తించండి (ఇద్దరు మనుషులు కావాలి). పై పెట్టెకి తన సొంత అడుగు పలక, కింద పెట్టెకి తన సొంత పై పలక, రెండూ విడివిడిగా ఉండాలి. వాటి అంచులు పక్క పలకలతో డవ్‌టెయిల్ (పావురం తోకలా కోసిన పళ్ళు ఒకదాంట్లో ఒకటి కూర్చునే అతుకు) వేసి కలిపి ఉండాలి. పై ముక్క జారకుండా కింది ముక్కలో చిన్న చెక్క కొయ్యలు, పైదాంట్లో వాటికి బెజ్జాలు. ఆ చోట రంపపు గీతలున్న పచ్చి అంచు, కొత్త బద్దలు మేకులతో కొట్టినట్టు కనిపిస్తే ఆ బేరం వదిలేయండి.

తర్వాత ఇత్తడి అంచు మీద గోరు నడపండి. కొత్తలో బిళ్ళ, చెక్క ఒకే మట్టంలో ఉంటాయి. చెక్క పోగుకి అడ్డంగా కుంచించుకుపోతుంది, ఇత్తడి కుంచించుకోదు. నిలువు పోగున్న పక్క పలకకి ఎక్కువ తేడా ముందు వెనకల దిశలో వస్తుంది, అందుకే అక్కడ బిళ్ళ ఒక నూలు మేర అంచు దాటి రావచ్చు. 170 ఏళ్ళ పెట్టెలో ప్రతి దిక్కూ అద్దంలా సమంగా ఉంటే నాకు అనుమానం.

మరమేకు_మనిషి:
పాతతాళం గారు చెప్పింది సరే. మరమేకు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇందులోనే అందరూ తొందరపడతారు.

సూది మొన మరమేకులు బర్మింగ్‌హామ్‌లో నెటిల్‌ఫోల్డ్ కంపెనీ వాళ్ళు పెద్ద ఎత్తున చెయ్యడం మొదలుపెట్టింది 1854లో. అంతకుముందు మొన మొద్దుగా ఉండేది, తల మీది గాడి కూడా సరిగ్గా నడిమికి ఉండేది కాదు. మరి మీ మరమేకు 1850 మాటని కొట్టేస్తుందా? ఒక్కటి చూసి కాదు. మూల బిళ్ళలు ఊడిపోవడం, ఎవరో కొత్త మరమేకు బిగించడం మామూలే. సొరుగు తాళాన్ని లోపల పట్టి ఉంచే మరమేకు తీసి చూడండి, దాన్ని మార్చే అవసరం అరుదుగానే వస్తుంది. గాడిని పూర్తిగా నింపే స్క్రూడ్రైవరే వాడాలి, సన్నగా ఉంటే ఇత్తడి తల చిరిగిపోతుంది. బిగిసిపోతే వేడి సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద అర నిమిషం ఆనించి, చల్లారాక తిప్పండి. ఏ మరమేకు ఏ బెజ్జానిదో టేపు మీద అంకె రాసి అంటించండి. అడ్డగాడి, అంటే ప్లస్ గుర్తు మరమేకు ఎక్కడ కనిపించినా ఆ చోటు 1930ల తర్వాత ముట్టుకున్నదే.

తాళం విషయానికొస్తే, చబ్ అనే లండన్ తాళాల కంపెనీ వారి ఆ అడ్రసు 1850కి సరిపోతుంది. తర్వాతి కాలపు తాళాల మీద క్వీన్ విక్టోరియా స్ట్రీట్ 128 అని ఉంటుంది. కానీ తాళం మీద అడ్రసు తాళం తేదీ చెబుతుంది, పెట్టెది కాదు. తాళం కూర్చున్న గూడు దాని ఆకారానికి గట్టిగా సరిపోయిందా, లేక పక్కన ఖాళీ నింపారా చూడండి. ఐదు సొరుగుల తాళాలూ ఒకే కంపెనీవైతే ఇంకా మంచిది. హాబ్స్ పేరున్న తాళమైతే మాత్రం 1851కి ముందుది కాదని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. 1851లో, లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్ ఏడాది, చబ్, బ్రామా కంపెనీల తాళాలు రెండింటినీ తాళంచెవి లేకుండా తెరిచి చూపించిన అమెరికన్ ఆయనే. ఆ పేరుతోనే లండన్‌లో కంపెనీ పెట్టాడు.

చెక్కపిచ్చి_సికింద్రాబాద్:
ఈరోజు మళ్ళీ వెళ్ళి చూశాను. రెండు ముక్కలకీ విడిగా పలకలున్నాయి, డవ్‌టెయిల్ చేత్తో కోసినట్టే ఉంది, పిన్నులు (అతుకు పళ్ళు) సన్నగా ఉన్నాయి, వాటి మధ్య ఎడం సమానంగా లేదు. తాళాలు ఐదూ చబ్‌వే. తాళపు మరమేకు మొన మొద్దు! లంగరు బిళ్ళకి మాత్రం ప్లస్ గుర్తు మరమేకులు. సొరుగు లోపల గీకితే కర్పూరం వాసన వస్తోంది.

పాతతాళం:
పెట్టె అసలుది. లంగరు అబద్ధం.

కర్పూరపు చెక్క అంటే చైనా వైపు చేయించింది అయ్యుండొచ్చు. అక్కడి వడ్రంగులు ఇంగ్లీషు నమూనా చూసి ఈ పెట్టెలు బాగా చేసేవారు. చబ్ తాళాలు లండన్ నుంచి తెప్పించి బిగించి ఉండొచ్చు. సొరుగు లోపల ఒక్కటే ఆ చెక్కా, బయట వేరే చెక్కా అన్నది తేల్చండి. బయట మహాగని, లోపల మరో చెక్క వేసిన ఇంగ్లీషు పెట్టెలూ ఉన్నాయి.

"నేవీ" అన్నది చాలాసార్లు కొట్టువాడు పెట్టే పేరు. సైన్యం అధికారీ ఓడ అధికారీ ఒకే రకం పెట్టె కొనేవారు. మామూలు నావికుడి పెట్టె వేరు: పలకలు కిందికి వెడల్పవుతూ వాలుగా ఉంటాయి, పైన మూత తెరుచుకుంటుంది, కడియాల బదులు తాడు. కెప్టెన్‌ది అనాలంటే పాత బిళ్ళ మీద పేరూ హోదా కావాలి. ఉంటే నేవీ లిస్ట్‌లో, ఆర్మీ లిస్ట్‌లో (బ్రిటిష్ అధికారుల పేర్ల అచ్చు జాబితాలు) వెతకొచ్చు, ఆర్మీ లిస్టులు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

మన ఊళ్ళో ఇంకో అవకాశం ఉంది. సికింద్రాబాద్ దండులో అప్పట్లో మద్రాసు సైన్యం ఉండేది కాబట్టి, సొరుగు వెనకనో పెట్టె అడుగునో రంగుతో ఎం.ఎన్.ఐ. అక్షరాలు, ముందు అంకె ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. అది మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ, అంటే ఆ సైన్యపు పదాతి దళం. 1885లో "నేటివ్" మాట తీసేశారు, కాబట్టి ఆ గుర్తు అంతకు ముందుదే. ఎ అండ్ ఎన్ సి.ఎస్.ఎల్. అని ముద్ర ఉంటే అది ఆర్మీ అండ్ నేవీ కోఆపరేటివ్ సొసైటీ సరుకు. ఆ సొసైటీ పుట్టింది 1871లో.

ఇక చింతపండు. పులుపు, ఇత్తడి పాత్రల పొడి, నిమ్మ, ఏదీ వద్దు. పులుపు ఇత్తడిలోని జింకుని తినేస్తే ఎర్రటి రాగి మచ్చలు తేలతాయి, తోమిన రసం చెక్కలోకి దిగి బిళ్ళ చుట్టూ నల్ల చార పడుతుంది. మెత్తని గుడ్డతో దుమ్ము తీసి, మైనం పలచగా పట్టించి వదిలేయండి. నల్లబడిన ఇత్తడికే విలువ. పాలిష్ లక్కా, కొత్త వార్నిషా తెలియాలంటే వెనక వైపు దూదితో కాస్త స్పిరిట్ రాయండి. పూత కరిగి జిగటగా మారితే లక్క. అలాంటిదైతే వడ్రంగి చేత గీకించొద్దు.

మరమేకు_మనిషి:
కాళ్ళ గురించి. అడుగు బెజ్జాల్లో చెక్క మర ఉందా చూడండి. ఉంటే కాళ్ళు తరిమెన పట్టినవి, తిప్పి బిగించేవి. ప్రయాణంలో విప్పి సొరుగులో వేసేవారు, అందుకే ఎక్కువ పోయాయి. కొత్తవి చేయించేటప్పుడు బెజ్జాన్ని పెద్దది చెయ్యనివ్వకండి. మైనం అద్ది మర అచ్చు తీసి, దానికి కాలే సరిపెట్టాలి. జిగురు వెయ్యకూడదు. సొరుగు అడుగు పలక వెనక సందు కనిపిస్తే అదీ అతికించొద్దు, అది కుంచించుకోడానికి వదిలిన జాగా. జిగురు వేస్తే ఎండాకాలం ఏసీ గదిలో నడిమికి చీలుతుంది. సొరుగు బిగిస్తే నడిచే బద్దల మీద కొవ్వొత్తి రుద్దండి, చాలు.

విదేశంలో ఉన్న పిల్లలకి పంపే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. వంద ఏళ్ళు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. కొట్టాయన "మామూలు ఫర్నిచర్ అని బిల్లు రాసిస్తా" అన్నా సరే.